నవ్వించినవాడికి చెప్పని ఆరంకెలు

మందు కొట్టడం నా పని. పెళ్లిచూపులనాడు ఈ మాటే చెప్పాను. పిల్ల తండ్రి కుర్చీలో ముందుకు జరిగి, "ఎన్నేండ్ల సంది కొడ్తున్నవ్?" అని అడిగాడు. "పద్నాలుగో ఏటి నుంచి" అన్నాను. "రోజూనా?" అన్నాడు. "సీజన్ల రోజూ. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట" అన్నాను. ఆయన లోపలికి తిరిగి, చాయ్ తేవద్దని చేత్తో సైగ చేశాడు. నా పక్కన కూచున్న మా మేనత్త అదిరిపడి, "మిర్చితోటలకయ్యా! మిర్చితోటలకు కొడ్తడు, పురుగుల మందు!" అని అరిచింది. చాయ్ వచ్చింది. పిల్లా వచ్చింది. నా నోరు ఏదో ఒకనాడు నా అన్నానికే అడ్డం వస్తుందని, చాయ్ ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే నాకు తెలియవలసింది. తెలియలేదు.

నిజానికి అప్పటికే ఒకసారి వచ్చింది కూడా. ఎనిమిదో తరగతిలో మా లెక్కల సారు నా పరీక్ష కాగితం అందరికీ ఎత్తి చూపించి, "నువ్వు వేలిముద్రగాడివే అయితవురా" అన్నాడు. మా నాయన ఎక్కడికి పోయినా బొటనవేలే వేసేవాడు. మాట గుచ్చుకుంది. గుచ్చుకుంటే ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, నాకు నవ్వించడమే వచ్చు. "మంచిదే సార్, వేలిముద్రల స్పెల్లింగు తప్పులుండయ్" అన్నాను. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. సారు నన్ను బయట నిలబెట్టాడు. నిలబడి నిలబడి కాళ్లు నొచ్చి ఇంటికి వచ్చేశాను. మళ్లీ పోలేదు. మా నాయన తిట్టనూ లేదు, కొట్టనూ లేదు. మర్నాడు పొద్దున మందు కొట్టే పంపు తెచ్చి నా వీపుకు తగిలించాడు.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. ఒక పక్క మిర్చి, పత్తి. ఇంకో పక్క సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ తోటలు. ఆ చెట్ల వెనక నుంచి గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో దానికే తెలియదు, నాకు తెలుసు. గాలికి ఎదురుగా మందు కొడితే ఆ మందు పురుగుకు కాదు, కొట్టినవాడికి తగులుతుంది. ఇరవై ఏళ్లు పంపు మోసినవాడికి ఆ చదువు రాకుండా ఎట్లా ఉంటుంది? పెళ్లయినప్పటి నుంచి మా ఆవిడ బిందెలతో నీళ్లు మోసి మందు కలిపేది, నేను కొట్టేవాణ్ణి. సాయంత్రం ఎన్నిసార్లు సబ్బు రుద్దినా కూరలో అదే వాసన. "ఏం కూర?" అని అడగడం మా ఇంట్లో ఎప్పుడో మానేశాం. ఏది వండినా మందు కూరే.

నిరుడు మిర్చి సాళ్ల మధ్య పడిపోయాను. ఆకాశం గిర్రున తిరిగింది, అంతే తెలుసు. దవాఖానాలో డాక్టరమ్మ మా ఆవిడను పిలిచి, "ఈయన ఇంక మందు జోలికి పోవద్దు. ఇంకోసారి ఇట్ల అయితే నేను మాటియ్యలేను" అన్నది. పక్క మంచం దగ్గరున్న ఒకామె మా ఆవిడను జాలిగా చూసి, "మా ఆయనగూడ గంతే చెల్లె. ఎంత చెప్పినా మానడు" అన్నది. మా ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక, "అవ్ అక్కా" అని ఊరుకుంది.

డ్రోను మాట అప్పుడే వచ్చింది. మా మండలంలో మిర్చి రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మందు కొట్టే డ్రోను కొంటామని వాళ్లు ఏడాది నుంచీ అంటూనే ఉన్నారు. సంఘం పెద్దను నేను మామా అంటాను. ఆయన దవాఖానాకు వచ్చి నా మంచం మీద కూచుని, "డ్రోను మన్ల ఎవడన్న నడిపితేనే మంచిది. మన గాలి నీకు తెల్సినట్టు ఎవనికి తెల్సురా? లైసెన్సు తెచ్చుకో, నీ చేతుల పెడ్త" అన్నాడు.

"లైసెన్సుకు ఏం గావాలె మామా?"

"పది పాసు గావాలె."

"గదే మామా, పైకి ఎగరాలంటే మొదట కిందికి దిగాలన్నట్టు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు, కానీ నవ్వాము.

అట్లా ముప్పై ఆరేళ్లకు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాను. పరీక్ష హాలు గుమ్మంలో ఒక టీచరమ్మ నన్ను ఆపి, "తల్లిదండ్రులు గేటు బయట ఉండాలె" అన్నది. "నేను విద్యార్థిని మేడం, తల్లిదండ్రులు ఇంటి దగ్గర్నే ఉన్నరు" అన్నాను. లెక్కలు తప్పాను. మళ్లీ రాశాను. మా ఆవిడ ఎనిమిదో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టించి, చింతగింజలు పరిచి నాకు భిన్నాలు చెప్పింది. రెండోసారి గట్టెక్కాను. మెమో మీద నా పేరు చూసుకుని, దాని కింద సంతకం పెట్టే చోటు వెతుక్కున్నాను. లేదు. ఊరికే పక్క కాగితం మీద నాలుగైదుసార్లు పెట్టుకున్నాను.

ఇక మిగిలింది శిక్షణ. హైదరాబాదు అవతల ఎక్కడో వారం రోజులు నేర్పి, పరీక్ష పెట్టి, పైలట్ అని సర్టిఫికెట్ ఇస్తారు. డ్రోనును రెండు బొటనవేళ్లతో రెండు పుల్లలు కదిలిస్తూ నడుపుతారని ఫోన్లో చూశాను. ఒంటి సబ్బులో రెండు అగ్గిపుల్లలు గుచ్చి ఇంటి అరుగు మీద సాధన మొదలుపెట్టాను. ఎడమ వేలు పైకి, కుడి వేలు ముందుకు. కోడి అడ్డం వస్తే ఆపాలి. మా ఆవిడ నీళ్లకు పోతూ, "ఎక్కడిదాక పోయినవ్?" అనేది. "పాల్వంచ దాటిన" అనేవాణ్ణి. "సబ్బు అరిగేలోపల తిరిగిరా" అనేది.

ఊరు ఊరంతా నన్ను పైలట్ అనడం మొదలుపెట్టింది. చాయ్ హోటలు ముందు నుంచి పోతే, "పైలట్ సాబ్, రాములవారి గుడి మీదికెళ్లి పోతే మా అక్కను గూడ దింపు!" అని కేకలు. "మీ అక్క బరువుకు రెక్కలు ఇరుగుతయ్ రా" అని నేను. డ్రోను వచ్చింది. డబ్బా కూడా విప్పకుండా సంఘం గోదాములో పెట్టారు. మామ చెప్పాడు: "వచ్చే వారం శనివారం లోపల నీ పేరు ఆన్‌లైన్ల ఎక్కాలె. ఈ బ్యాచి తప్పితే సీజన్ అయిపోతది. అప్పుడు కోస్తా నుంచి పైలట్‌ను కిరాయికి తెచ్చుడే. నేనొక్కణ్ణి ఆపలేను." అప్పటికి ఇంకా పది రోజులున్నాయి. పది రోజులు! పదో తరగతి పాసైనవాడికి ఆన్‌లైన్‌లో పేరెక్కించడం ఒక లెక్కా అనుకున్నాను.

మా మండలంలో ఆన్‌లైన్ సెంటరు నడిపేది ఒక భాయ్. వాళ్ల నాయన కాలంలో అదే కొట్లో గొడుగులు బాగుచేసేవారు. భాయ్ నా కాగితాలన్నీ చూసి, టకటకా కొట్టి, "అన్నా, ఓటీపీ చెప్పు" అన్నాడు. ఫోను తీసి చూశాను. ఏమీ రాలేదు. మళ్లీ పంపాడు. రాలేదు.

"ఆధార్‌ల ఏ నంబరుంది అన్నా?"

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆధార్ తీసినప్పుడు నాకున్న నంబరు వేరు. ఆ ఫోను మందు డ్రమ్ములో పడింది, సిమ్ము పోయింది. ఇంకో సిమ్ము కొనుక్కున్నాను. పోయిన నంబరుకు రీచార్జి చేయక వదిలేశాను. కంపెనీ దాన్ని వేరే ఎవరికో ఇచ్చేసింది.

"పరేషాన్ గాకు" అన్నాడు భాయ్. "ఆధార్ సెంటరుకు పో. కొత్త నంబరు ఎక్కిస్తరు. వేలు పెడ్తివా, అయిపాయె. జల్దీ పో."

పోయాను. సెంటరులో కూచున్నాయన బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టాను. మెషీను కూతపెట్టి ఎర్రగా వెలిగింది. తుడుచుకుని పెట్టమన్నాడు. నొక్కి పెట్టమన్నాడు. ఎడమది పెట్టమన్నాడు. చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు. పది వేళ్లూ అయిపోయాయి. కాలివేళ్లు కూడా పెట్టనా అని అడిగాను. ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ట్యూబులైటు కిందికి తిప్పి చూశాడు.

"ఏం పని జేస్తవ్?"

"మందు కొడ్త."

ఆయన ఈ ప్రాంతంవాడే, సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. "మిర్చోళ్లకు, మందోళ్లకు గిట్లనే అయితది. గీతలు పోయినయ్. కన్నుతోటి తీసే మెషీను ఉండె గాని చెడిపోయింది. ఖమ్మంల దొరుకుతది, టోకెను తీస్త." టోకెను తీశాడు. శనివారం దాటాక ఎనిమిదో రోజుకు వచ్చింది. "లేదంటే ఒక నెల మందు ముట్టకు. కొబ్బరినూనె రాయి. గీతలు మళ్లొస్తయ్."

బయటికి వచ్చి మెట్ల మీద కూచున్నాను. మందు మానాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు రావాలంటే వేలు కావాలి. వేలు రావాలంటే మందు మానాలి. ఎవరన్నా పక్కన ఉంటే దీన్ని గొప్ప జోకుగా చెప్పేవాణ్ణి. వేలిముద్రగాడివి అవుతావని శపించిన మా లెక్కల సారు అన్ని లెక్కలూ సరిగ్గా చేశాడు, ఇదొక్కటే తప్పాడు. దానికి కూడా నేను పనికి రాలేదు.

డాక్టరమ్మ వద్దన్నాక కూడా కూలి కోసం పోతున్న పత్తి చేలకు వారం రోజులు పోలేదు. మా ఆవిడ పొద్దున, సాయంత్రం నా వేళ్లకు కొబ్బరినూనె రుద్దింది. రుద్ది, గుమ్మం దగ్గర వెలుతురులోకి లాగి చూసేది. "ఒక గీత కనవడ్తున్నది."

"అది కొడవలి గాటే."

"మరి దాని పక్కది?"

"అదీ కొడవలే."

గురువారం మళ్లీ సెంటరుకు పోయాను. మెషీను మళ్లీ అదే కూత పెట్టింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. నా పాత నంబరుకు నేనే ఫోను చేశాను.

ఒక పెద్దామె ఎత్తింది. సంగతంతా చెప్పాను. మీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి, అవి నాకు చెప్తే చాలు అన్నాను. అటు నుంచి పిడుగులాగా పడింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ ఫోన్లో మొత్తుకుంటన్నారు, నీకు వినపడట్లేదా? పెట్టేయ్ ఫోను!"

మళ్లీ చేశాను. మళ్లీ. నాలుగోసారికి ఆమె, "దమ్ముంటే బోనకల్ రైల్వే స్టేషన్ ఎదుట మా ఇల్లు, నీలం తలుపులు, వచ్చి మొహం చూపించి అడుగు! పోలీసుల్ని పిలుస్తాను!" అన్నది. ఆమె బెదిరించింది. నేను అడ్రసు రాసుకున్నాను.

శనివారం తెల్లారగానే బస్సెక్కి ఖమ్మం, అక్కడ పాసింజరు ఎక్కి బోనకల్. భాయ్‌ను కంప్యూటరు ముందు నుంచి కదలొద్దని చెప్పి వచ్చాను. నీలం తలుపులు తేలికగానే దొరికాయి. వసారాలో వాక్యం రాసిన చర్చి క్యాలెండరు, దాని కింద పీట మీద కూచుని గోంగూర ఆకు తుంచుతున్న ఒక పెద్దామె. బొత్తాల ఫోను నడుముకు చెక్కుకుని ఉంది. నా పాత నంబరు అక్కడ ఉందన్నమాట.

"అమ్మా, మొహం చూపించమన్నరు. తెచ్చిన" అన్నాను.

ఆమె తుంచుతున్న ఆకు ఆపి, నోరు తెరిచి చూసి, పక్కున నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను. నవ్వినవాళ్లతో నాకెప్పుడూ భయం లేదు. ఇంకో పీట చూపించింది. పదో తరగతి మెమో, ఆధార్, సంఘం కాగితం అన్నీ ఆమె ముందు పరిచాను. ఆధార్‌లో ఫొటో చూసి, "ఇది నువ్వు కాదు" అన్నది.

"నేనేనమ్మా. ఆ రోజు నవ్వొద్దన్నరు, గందుకే గట్ల పడ్డ."

మళ్లీ నవ్వింది. పెళ్లిచూపుల కథ చెప్పాను. కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. చాయ్ పెట్టి ఇచ్చింది. సబ్బు విమానం సంగతి చెబితే, "మీ ఆవిడకు దండేసి మొక్కాలయ్యా" అన్నది. నేను చేతులు చాపి చూపించాను. నా వేళ్లు పట్టుకుని చూసి, "అయ్యో నాయనా" అన్నది. నేను పక్కకు తిరిగి భాయ్‌కి ఫోను చేసి, "పంపు" అన్నాను.

ఆమె నడుము దగ్గర ఫోను టింగుమంది.

ఆమె తీసి చూసింది. చూసి, రెండు చేతుల మధ్య మూసుకుంది. "వచ్చినయ్ నాయనా" అన్నది. "కానీ నేను చెప్పను."

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. "ఎందుకమ్మా? గింతసేపు మంచిగనే మాట్లాడ్తిరి గద."

"అందుకే చెప్పను. కిందటేడు ఫోన్లో మాట్లాడినవాడు కూడా నీలాగే నవ్వించాడయ్యా. అమ్మా అన్నాడు. మీ చేతి ముద్ద తినాలని ఉందన్నాడు. గంటసేపు నవ్వాను. తర్వాత నంబరు అడిగాడు, చెప్పాను. మిరపకాయలమ్మిన డబ్బులన్నీ పోయినయ్. మా అబ్బాయి లారీ తోలతాడు, వాడు మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు." ఆమె చూపు క్యాలెండరు మీదికి పోయింది. "నువ్వు మంచోడివే అయ్యుంటావు. వాడూ మంచోడే అనుకున్నాను. నాకు తేడా తెలియట్లేదు నాయనా. అదీ నా బాధ. మా అబ్బాయి రేపు ఆదివారం వస్తాడు, వాణ్ణడిగి చెప్తాను."

"రేపు పనికిరాదమ్మా. ఇయ్యాల్నే ఆఖరు. ఇది గూడ పది నిమిషాలే ఉంటది."

"మరేం చేయను?" అన్నది. నిజంగానే నన్ను అడిగింది.

ఆమెకు నాకు మధ్య చేతెడు దూరం. నా బతుకు ఆమె రెండు అరచేతుల మధ్య ఉంది, సన్నగా వెలుగుతూ. లాక్కోవడానికి ఎంతసేపు? ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఆమె వేళ్లు ఫోను మీద ఇంకా బిగుసుకున్నాయి. నేను లాక్కుంటానని కాదు, తను మళ్లీ చెప్పేస్తుందేమోనని భయం. పుట్టి ముప్పై ఏడేళ్లలో నోట్లో మాట లేకుండా నేను కూచున్న పది నిమిషాలు అవే. ఎదురుగా గూడ్సు బండి ఒకటి పోయింది. ఆమె పెట్టెలు లెక్కపెడుతున్నట్టు దాన్నే చూసింది. నేనూ చూశాను.

భాయ్ ఫోను చేశాడు. "అన్నా, టైమ్ ఖతం. ఇంకోసారి పంపనా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "వద్దు భాయ్" అన్నాను.

లేస్తుంటే ఆమె గోంగూర కట్ట ఒకటి చేతిలో పెట్టింది. వద్దనలేదు.

సీజన్ మొదలయ్యేసరికి కోస్తా నుంచి పైలట్ వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, నన్ను "అన్నగారూ" అంటాడు. అతనికి మా గాలి తెలియదు, జామాయిల్ చెట్ల వెనక కరెంటు తీగ ఎక్కడుందో తెలియదు. అందుకని సంఘం నన్ను అతని పక్కన పెట్టింది. నేను మందు కలుపుతాను, డ్రోను ట్యాంకు నింపుతాను, "ఇప్పుడు గాలి తిరుగుతది, ఆపు" అని చెప్తాను. అతను బొటనవేళ్లు కదిలిస్తాడు. ఎడమ వేలు పైకి, కుడి వేలు ముందుకు. ఖమ్మం టోకెను తేదీన పోయి కన్ను చూపించాను. ఇంకా "పరిశీలనలో ఉంది" అనే వస్తోంది, బ్యాచి మాత్రం ఆ శనివారం తర్వాతి సోమవారమే శిక్షణకు పోయింది. తర్వాతి బ్యాచి సంగతి అడిగితే మామ, "సూద్దాం అల్లుడా, పైలట్ మంచిగనే నడుపుతుండు గద" అంటాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మందు నీళ్లలోనే నా చేతులు. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ నన్నే పైలట్ అంటారు. అతన్ని డ్రోనాయన అంటారు.

ఒక్క సంగతి చెప్పలేదు. బోనకల్ నుంచి వచ్చిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, నా పాత నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది.

"నాయనా, మా అబ్బాయి వచ్చాడు. నీ కాగితాల సంగతి, నీ వేళ్ల సంగతి చెప్పాను. అవి దొంగ చేతులు కావమ్మా, చెప్పెయ్ అన్నాడు. రాసుకో."

ఆమె నిన్నటి ఆరంకెలు చదవబోతోంది. అవి నిన్ననే చచ్చిపోయాయని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె గొంతులో ఏదో బరువు దిగిన సంబరం ఉంది. మా ఆవిడకు పెన్ను తెమ్మని సైగ చేశాను. కాగితం కనబడక, అరుగు మీదున్న సబ్బు అట్ట చించి ఇచ్చింది. ఫోన్లో పెద్దామె ఒక్కో అంకె కూడబలుక్కుని చదివింది. నాలుగోది సున్నాయో ఎనిమిదో తేలక కొడుకును పిలిచి చూపించింది. ఆరూ రాశాను.

"తిరిగి చదువు" అన్నది. చదివాను.

"పనయినట్టేనా?"

మా ఆవిడ నన్నే చూస్తోంది. "అయిందమ్మా" అన్నాను.

"దేవుడు చల్లగా చూడాలి. ఇంకొక మాట నాయనా, ఈ నంబరు ఎవరికీ చెప్పబాక. రోజులు మంచివి కావు."

"చెప్పనమ్మా" అన్నాను. ఇప్పటిదాకా చెప్పలేదు.